సైన్ 120 డిగ్రీలకు త్రిభుజం ఎక్కడుంది?

ప్రశ్న: మాది ఉప్పల్. పదో తరగతి జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, ఇంగ్లీష్ మీడియం. ట్రిగనామెట్రీ మొదలైన దగ్గర్నుంచి ఏమీ ఎక్కడం లేదు. లంబకోణ త్రిభుజంలో మిగతా కోణాలు 90 డిగ్రీలు దాటవు కదా, మరి సైన్ 120 అంటే ఏమిటి? సార్ అరవై దాకా ఫార్ములాలు రాయించారు. రాత్రి బట్టీ పట్టినవి పొద్దున్నకి కలగాపులగం అవుతున్నాయి. ప్రూవ్ చేయమన్న లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పైగా ఫోన్‌లో సైన్ 30 కొడితే మైనస్ 0.988 అని చూపించింది. నేను ఎంపీసీ తీసుకోవడమే తప్పా?
— ఒక విద్యార్థిని, ఉప్పల్

సమాధానం:

తప్పేమీ లేదు తల్లీ. నువ్వు రాసిన ఇబ్బందులు నాలుగున్నా వాటి వేరు ఒక్కటే. పదో తరగతిలో సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం. ఇంటర్‌లో పేరు అదే ఉంచి లోపలి సరుకు మార్చేశారు. అక్కడ త్రిభుజం, ఇక్కడ వృత్తం. ఈ మార్పు క్లాసులో ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది, మర్నాటి నుంచి ఫార్ములాలు మొదలవుతాయి. ఆ పీరియడ్ పనిని ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని చేత్తో గీసి మళ్లీ చేసుకో. ఆ అరవైలో యాభైకి పైగా బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఏ4 గ్రాఫ్ పేపర్, కంపాస్, ప్రొట్రాక్టర్, స్కేలు, కాస్త కుట్టుదారం తీసుకో. పేపర్ పొడుగు వైపు ఎడమ నుంచి కుడికి వచ్చేలా అడ్డంగా పెట్టు. ఎడమ చివర 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, కేంద్రం గుండా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గియ్యి. ఆ 5 సెంటీమీటర్లనే ‘ఒకటి’ అనుకో. అప్పుడు ఒక్కో మిల్లీమీటరు 0.02 అవుతుంది. కేంద్రం నుంచి కుడికి పోయే గీత 0 డిగ్రీలు. అక్కడి నుంచి గడియారం ముళ్లు తిరిగే దిక్కుకు ఎదురుగా 30 డిగ్రీలకొకటి చొప్పున వృత్తం మీద 12 గుర్తులు పెట్టు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ప్లాస్టిక్ ప్రొట్రాక్టర్లలో సున్నా గీత అంచు మీద ఉండదు, అంచుకు కొన్ని మిల్లీమీటర్ల పైన ఉంటుంది. గీత మీద పెట్టాల్సింది ఆ సున్నా గీతనే. అంచును పెడితే కోణాలన్నీ తప్పుతాయి.

ఇప్పుడు ఒక్కో గుర్తు దగ్గర రెండు కొలతలు తీసుకో. గుర్తు అడ్డగీతకు ఎంత ఎత్తులో ఉందో అది సైన్. నిలువుగీతకు ఎంత పక్కగా ఉందో అది కాస్. కిందికి ఉంటే సైన్ మైనస్, ఎడమకు ఉంటే కాస్ మైనస్. నిర్వచనం అంతే. 30 దగ్గర ఎత్తు 2.5 సెంటీమీటర్లు రావాలి, అంటే 0.5. 60 దగ్గర 4.3 చిల్లర, అంటే 0.866. ఇక నీ 120 దగ్గరికి రా. ఎత్తు మళ్లీ అదే 4.3, కానీ గుర్తు నిలువుగీతకు ఎడమవైపు 2.5 దూరంలో ఉంది. కాబట్టి సైన్ 120 అంటే 0.866, కాస్ 120 అంటే మైనస్ 0.5. ఆ గుర్తు నుంచి అడ్డగీత మీదికి నిట్టనిలువుగా ఒక గీత దించు. లోపల 60 డిగ్రీల లంబకోణ త్రిభుజం కనిపిస్తుంది. నువ్వు వెతుకుతున్న త్రిభుజం అదే, ఎడమకు తిరిగి ఉంది, అంతే తేడా.

పేపర్ కుడివైపు ఇంకా 12 సెంటీమీటర్ల జాగా పైనే మిగులుతుంది. అక్కడ సెంటీమీటరుకు 30 డిగ్రీలు చొప్పున 0 నుంచి 360 వరకు గుర్తులు పెట్టుకుని, వృత్తం మీది ఒక్కో ఎత్తునూ స్కేలుతో అడ్డంగా లాగి దాని కోణం మీదికి తెచ్చుకో. చుక్కలను స్కేలుతో కలపకు, చేత్తో వంపుగా కలుపు. 90 దగ్గర గీత మొనదేలకూడదు, గుండ్రంగా తిరగాలి. ఇదే సైన్ గ్రాఫ్. ఈ బొమ్మలో అడ్డం కొలత కుదించుకున్నాం. నిలువు కొలతతోనే అడ్డం కూడా గీస్తే 360 డిగ్రీలకు 31.4 సెంటీమీటర్లు కావాలి, పేపర్ చాలదు. అందుకే నీ గ్రాఫ్ అసలుకంటే నిటారుగా కనిపిస్తుంది.

టాన్ కోసం వృత్తం కుడి కొసను తాకుతూ ఒక నిలువుగీత గియ్యి. కేంద్రం నుంచి 45 డిగ్రీల కోణంలో గీతను పొడిగిస్తే అది ఈ నిలువుగీతకు 5 సెంటీమీటర్ల ఎత్తులో తగులుతుంది, అంటే టాన్ 45 ఒకటి. 60కి 8.7. 80కి 28 సెంటీమీటర్లు దాటి పేపర్ బయటికి పోతుంది. 90కి రెండు గీతలూ సమాంతరం, ఎన్నటికీ కలవవు. టాన్ 90 నిర్వచితం కాదని పుస్తకంలో ఒక్క ముక్కలో రాసేది దీన్నే.

ఇప్పుడు దారం. సరిగ్గా 5 సెంటీమీటర్ల ముక్క కత్తిరించి 0 గుర్తు నుంచి వృత్తం అంచు వెంట పరుచు. దారం ఎక్కడ ఆగిందో అక్కడి కోణం ఒక రేడియన్, 57.3 డిగ్రీలు. వృత్తం చుట్టూ అలాంటివి ఆరు పట్టి, ఇంకా 1.4 సెంటీమీటర్లు మిగులుతుంది. రెండు పై (2π) రేడియన్లంటే ఆ ఆరున్నూ చిల్లరే, 6.283. నీ ఫోన్ తప్పు చెప్పలేదు. నువ్వు 30 డిగ్రీలు అనుకున్నావు, అది 30 రేడియన్లు అనుకుంది. 30 రేడియన్లంటే వృత్తాన్ని నాలుగు సార్లు చుట్టి అయిదో చుట్టులో అడుగుభాగానికి దగ్గరగా ఆగడం. అందుకే మైనస్ 0.988. కాలిక్యులేటర్ చేతికి తీసుకున్న ప్రతిసారీ ముందు సైన్ 30 కొట్టి చూసుకో. 0.5 వస్తే డిగ్రీలు, మైనస్ 0.988 వస్తే రేడియన్లు. 0.454 వస్తే లంబకోణాన్ని వంద భాగాలు చేసే గ్రేడ్‌ల మోడ్‌లో ఉంది, మార్చుకో.

డిగ్రీలు ఉండగా ఈ రేడియన్లెందుకు అనిపిస్తుంది. కోణాన్నీ పొడవునూ ఒకే కొలతలో కొలిస్తే చిన్న కోణాలకు సైన్ విలువా కోణం విలువా దాదాపు ఒకటే అవుతాయి. ఈ సంగతి మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఆర్యభటుడు 499లో ఇచ్చిన జ్యా (అప్పటి సైన్) పట్టికకు వ్యాసార్ధం 3438. వృత్తం చుట్టుకొలతను 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కళల లెక్కన 21,600 కళలుగా తీసుకుంటే వ్యాసార్ధం అంతే వస్తుంది. ఆయన పట్టికలో మొదటి కోణం 225 కళలు, దాని జ్యా కూడా 225. ఈ ఏడాదే కాలిక్యులస్‌లో సైన్‌కు డెరివేటివ్ కాస్ అని శుభ్రంగా రావడానికి కారణం ఇదే. డిగ్రీల్లో చేస్తే ప్రతి చోటా ఒక 0.01745 తగులుకుంటుంది.

కోణాలను కుదించే సూత్రాల దగ్గర అందరూ ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అప్పజెబుతారు. అడ్డగీత, నిలువుగీత వృత్తాన్ని చేసే నాలుగు భాగాలే పాదాలు (క్వాడ్రంట్లు). మొదటి పాదంలో అన్నీ ప్లస్, రెండులో సైన్, మూడులో టాన్, నాలుగులో కాస్. వాడుకో, తప్పు లేదు. వృత్తం గీసిన చేతికి అది కూడా అక్కర్లేదు, ఎత్తూ పక్కదూరమూ చూస్తే గుర్తు తెలిసిపోతుంది. తప్పు జరిగే చోటు వేరే. 90, 270లతో వస్తే సైన్ కాస్ అవుతుంది, టాన్ కాట్ అవుతుంది. 180, 360లతో వస్తే మారదు. కానీ ప్లస్సా మైనస్సా అన్నది మారకముందు ఉన్న దాన్ని బట్టి తేల్చాలి. కాస్(90 + థీటా) చూడు. అది రెండో పాదం, అక్కడ కాస్ మైనస్, కాబట్టి మైనస్ సైన్ థీటా. దాన్ని ముందే సైన్‌గా మార్చేసి, ‘రెండో పాదంలో సైన్ ప్లస్ కదా’ అని ప్లస్ రాసేవాళ్లే ఎక్కువ.

రెండు మార్కుల ప్రశ్నల్లో ఇలాంటిది తరచూ వస్తుంది: సైన్ థీటా 4/5, థీటా మొదటి పాదంలో లేదు, కాస్ థీటా ఎంత? సైన్ ప్లస్ అయి మొదటి పాదం కాదంటే అది రెండోదే. జవాబు మైనస్ 3/5. ఇంగ్లీష్‌లో చదివే తొందరలో ‘నాట్ ఇన్ ద ఫస్ట్ క్వాడ్రంట్’ అన్న ముక్క కన్ను దాటిపోతుంది, 3/5 రాసేస్తారు. షరతు కింద పెన్సిల్ గీత పెట్టాకే లెక్క మొదలుపెట్టు.

ఇక నీ అరవై ఫార్ములాలు. అసలు పునాది ఒక్కటే, దాన్ని ఈ వృత్తం మీదే రాబట్టొచ్చు. ఎ కోణం దగ్గర ఒక బిందువు, బి కోణం దగ్గర ఒక బిందువు తీసుకో. ఒకటి (కాస్ ఎ, సైన్ ఎ), ఇంకోటి (కాస్ బి, సైన్ బి). వాటి మధ్య దూరపు వర్గం విస్తరిస్తే 2 − 2(కాస్ ఎ కాస్ బి + సైన్ ఎ సైన్ బి) వస్తుంది. ఇప్పుడు వృత్తాన్ని బి అంత వెనక్కి తిప్పు. రెండో బిందువు (1, 0) దగ్గరికి, మొదటిది (ఎ − బి) కోణం దగ్గరికి చేరతాయి. తిప్పితే దూరం మారదు. కొత్త చోట అదే దూరపు వర్గం 2 − 2 కాస్(ఎ − బి). రెండూ సమానం కాబట్టి:

కాస్(ఎ − బి) = కాస్ ఎ కాస్ బి + సైన్ ఎ సైన్ బి

మిగతా సంసారమంతా దీని సంతానమే. బి బదులు మైనస్ బి పెట్టు, కాస్(ఎ + బి) వస్తుంది. ఎ బదులు 90 − ఎ పెట్టు, సైన్(ఎ + బి) వస్తుంది. సైన్ దాన్ని కాస్ దానితో భాగించి, పైనా కిందా కాస్ ఎ కాస్ బి తో భాగిస్తే టాన్(ఎ + బి). బి ని ఎ చేస్తే రెట్టింపు కోణాలు. కాస్ 2ఎ కి మూడు రూపాలున్నాయని కంగారు పడకు, సైన్²ఎ + కాస్²ఎ = 1 అటూ ఇటూ వాడితే మూడూ అవే వస్తాయి. సైన్(ఎ + బి), సైన్(ఎ − బి) కూడితే లబ్ధాలను మొత్తాలుగా మార్చే సూత్రం. అందులో ఎ + బి ని సి అని, ఎ − బి ని డి అని రాసుకుంటే సైన్ సి + సైన్ డి సూత్రం.

రోజూ ఒక తెల్లకాగితం తీసుకుని, పుస్తకం మూసి, పై నుంచి కింది దాకా ఈ వంశవృక్షాన్ని రాయి. మొదటి రోజు అరగంట పట్టినా పర్వాలేదు, పది నిమిషాల్లోకి దిగేదాకా మానకు. పరీక్ష హాల్లో ఏ కొమ్మ మర్చిపోయినా కింది నుంచి మళ్లీ ఎక్కి రావచ్చు. బట్టీ పట్టినవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. సందేహం వచ్చిన ఫార్ములాలో 60, 30 పెట్టి చూడటం ఇంకో అలవాటు. సైన్(ఎ + బి) అంటే సైన్ ఎ + సైన్ బి అని చెయ్యి రాసేయబోతే, 0.866కు 0.5 కలిపితే 1.366, కానీ సైన్ 90 ఒకటే. అక్కడే ఆగిపోతావు.

ప్రూవ్ చేసే లెక్కలకు మంత్రం లేదు, పద్ధతి ఉంది. బరువుగా ఉన్న వైపు మొదలుపెట్టు, ఆ వైపే ఉండు. సమీకరణంలో లాగా పదాలను ఇటు నుంచి అటు పంపకు. సమానమని నిరూపించాల్సిన దాన్ని ముందే సమానమని ఒప్పుకున్నట్టు అవుతుంది, మార్కులు పోతాయి. దారి తోచకపోతే అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చు. 1 + కాస్ ఎ లాంటిది హారంలో కనిపిస్తే 1 − కాస్ ఎ ని గుర్తుచేసుకో, రెండూ గుణిస్తే సైన్²ఎ. ఉదాహరణకు సైన్ ఎ/(1 + కాస్ ఎ) + (1 + కాస్ ఎ)/సైన్ ఎ = 2 కొసెక్ ఎ అని నిరూపించాలి. ఎడమవైపు బరువుగా ఉంది. ఉమ్మడి హారం తీసుకుంటే లవం సైన్²ఎ + 1 + 2 కాస్ ఎ + కాస్²ఎ. సైన్², కాస్² కలిసి ఒకటి, కాబట్టి 2(1 + కాస్ ఎ). హారంలోని 1 + కాస్ ఎ తో కొట్టేస్తే 2/సైన్ ఎ మిగిలింది. చదివితే సులువుగానే ఉంటుంది. గైడులో చదవడం, చెయ్యడం వేరు వేరు. పరిష్కారం మీద కాగితం కప్పి ఒక్కో వరస మాత్రమే కిందికి జరుపుతూ, తర్వాతి వరస ముందు నువ్వు రాసి అప్పుడు పోల్చుకో.

సమీకరణాల్లో కొట్టివేతలు జాగ్రత్త. సైన్ 2ఎక్స్ = కాస్ ఎక్స్ అన్నప్పుడు 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ = కాస్ ఎక్స్ అని రాసి, రెండువైపులా కాస్ కొట్టేస్తే 30, 150 మాత్రమే వస్తాయి. కాస్ సున్నా అయ్యే 90, 270 కూడా జవాబులే, అవి చెత్తబుట్టలోకి పోయాయి. కొట్టేయకుండా ఒకవైపుకు తెచ్చి కాస్‌ను కామన్ తీయాలి. వర్గం చేస్తే దీనికి తలకిందులు. సైన్ ఎక్స్ + కాస్ ఎక్స్ = 1 ని వర్గం చేస్తే 0 నుంచి 270 లోపు 0, 90, 180, 270 నాలుగూ వస్తాయి, వీటిలో 0, 90 మాత్రమే అసలైనవి. వర్గం చేసిన ప్రతిసారీ జవాబులను మొదటి సమీకరణంలో పెట్టి చూడక తప్పదు.

ఇవన్నీ కాగితం మీద తిరిగితే విసుగొస్తుంది, బయటికి కూడా వెళ్లు. ప్రొట్రాక్టర్ కేంద్రం నుంచి దారానికి ఒక నట్టు వేలాడదీసి, అంచుకు స్ట్రా అంటిస్తే ఎత్తులు కొలిచే పరికరం అవుతుంది. స్ట్రాలోంచి మీ అపార్ట్‌మెంట్ పైకప్పు అంచును చూడు. దారం 90 గుర్తు నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు జరిగిందో అదే ఊర్ధ్వకోణం. గోడకు 20 మీటర్ల దూరంలో 38 డిగ్రీలు వచ్చిందనుకో. 20 × 0.781 అంటే 15.6, దానికి నీ కంటి ఎత్తు ఒకటిన్నర మీటరు కలిపితే 17.1 మీటర్లు. కంటి ఎత్తు కలపడం మర్చిపోతే ఎత్తు అంతమేరా తగ్గుతుంది. గోడకు మరీ దగ్గరగా నిలబడకు. 38 దగ్గర ఒక డిగ్రీ తప్పితే అర మీటరు పైచిలుకు తేడా. అదే భవనాన్ని 4.2 మీటర్ల దూరం నుంచి 75 డిగ్రీల్లో చూస్తూ ఒక డిగ్రీ తప్పితే 1.2 మీటర్లు. కోణం 45కు దగ్గరగా వచ్చేచోట తప్పు అన్నిటికంటే తక్కువ.

హుస్సేన్ సాగర్‌లోని బుద్ధ విగ్రహం ఇంకా మంచి పాఠం. విగ్రహం ఎత్తు 18 మీటర్లు, నిలబడింది నీళ్ల మధ్య బండ మీద. పాదం దాకా టేపు పట్టలేవు. ట్యాంక్‌బండ్ మీద 200 మీటర్ల దూరంలో రెండు చోట్లు ఎంచుకుని, ఒక్కో చోటి నుంచి బండ్ గీతకూ విగ్రహం దిక్కుకూ మధ్య కోణం కొలవాలి. లెక్కకోసం 70, 75 అనుకుందాం. మూడోది 35. సైన్ సూత్రం (త్రిభుజంలో ఏ భుజాన్నైనా దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే ఒకే విలువ) ప్రకారం మొదటి చోటి నుంచి దూరం 200 × సైన్ 75/సైన్ 35, సుమారు 337 మీటర్లు. 75 బదులు 76 అని చదివితే 347 వస్తుంది. అంత దూరం నుంచి 18 మీటర్ల విగ్రహం పాదం నుంచి తల దాకా కంటికి ఆనేది మూడు డిగ్రీలే. మన ప్రొట్రాక్టర్ ఒక్క డిగ్రీ తడబడితే ఎత్తులో మూడో వంతు గల్లంతు. సర్వేవాళ్లు కోణాలు కచ్చితంగా కొలిచే థియొడొలైట్ మీద అంత ఖర్చు ఎందుకు పెడతారో ఇక్కడ తెలుస్తుంది. 1802లో మద్రాసు నుంచి విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మొదలుపెట్టిన దేశపు సర్వే ఈ సైన్ సూత్రం మీదే నడిచింది. ఒక భుజాన్ని గొలుసుతో జాగ్రత్తగా కొలిచి, ఆ తర్వాత వరసగా కోణాలు కొలుచుకుంటూ పోయారు.

ఇంట్లోంచి కదలకుండా చేయదగ్గది నీడ లెక్క. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. డిసెంబర్ 21న సూర్యుడు భూమధ్యరేఖకు 23.4 డిగ్రీలు దక్షిణాన ఉంటాడు కాబట్టి మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 − 17.4 − 23.4, అంటే 49.2 డిగ్రీలు. మీటరు కర్ర నిటారుగా నిలబెడితే నీడ 1/టాన్ 49.2, సుమారు 86 సెంటీమీటర్లు. మార్చి 21న 31 సెంటీమీటర్లు. గడియారంలో 12 కొట్టినప్పుడు కాదు, డిసెంబర్లో 12.14కు, మార్చిలో 12.23కు కొలవాలి, మన సూర్యుడు భారత ప్రామాణిక సమయానికి కాస్త వెనక నడుస్తాడు. మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం నీడ కర్ర కిందే దాక్కుంటుంది.

మీడియం మారిన ఇబ్బందికి ఒక ఉపాయం. తెలుగు అకాడమీ వేసిన ఇంటర్ లెక్కల 1ఎ తెలుగు మీడియం పుస్తకం కూడా దగ్గర పెట్టుకో. కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాతది చూడు. నిర్వచనం తెలుగులో చదివి అర్థం చేసుకుని, జవాబు ఇంగ్లీష్‌లో రాయి. లెక్కల జవాబుల్లో కావలసిన ఇంగ్లీష్ మాటలు పాతికకు మించవు.

విలోమ ప్రమేయాల జోలికి మాత్రం అప్పుడే వెళ్లకు, పైవన్నీ చేతిలోకి వచ్చాకే. అక్కడ సైన్ మీద రాసే మైనస్ ఒకటి ఘాతంలా కనిపిస్తుంది గానీ అది 1 బై సైన్ కాదు, ఈ సైన్ విలువ ఏ కోణానిదని అడగడం. సైన్ 150 అంటే 0.5. సైన్ ఇన్వర్స్ 0.5 మాత్రం 30 అంటుంది, 150 అనదు, ఎందుకంటే ఒక్క జవాబే రావాలని మైనస్ 90 నుంచి 90 లోపు కోణాలే తీసుకుంటామని ముందే ఒప్పందం. కాస్ ఇన్వర్స్‌కు ఆ హద్దు 0 నుంచి 180. నువ్వు గీసిన సైన్ గ్రాఫ్ మీద 0.5 ఎత్తులో అడ్డంగా ఒక గీత గీస్తే అది గ్రాఫ్‌ను రెండు చోట్ల కోస్తుంది. ఆ రెండూ చూశాక ఆ అధ్యాయం తెరువు.